అట్ట వెనక పేర్లు: అండర్‌గ్రౌండ్ మెటల్‌లో కొత్త బ్యాండ్లు ఎలా దొరుకుతాయి

మెటల్ (గిటార్లు హోరెత్తే గట్టి రాక్ సంగీతం) వింటున్నామని స్ట్రీమింగ్ యాప్ ఒక్కసారి పసిగడితే చాలు, వారం తిరక్కుండా మెటాలికా, ఐరన్ మెయిడెన్, స్లేయర్ పాటలే తిప్పి తిప్పి ముందు పెడుతుంది. ఇంకాస్త గట్టివి కావాలని వెతికితే గోజిరా, ఒపెత్ దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది. ఇవన్నీ గొప్ప బ్యాండ్లే, అందులో పేచీ లేదు. కానీ ఈ సంగీతంలో కొత్త ఆలోచనలు ముందుగా పుట్టేది వేరే చోట. నలుగురు కలిసి సొంత డబ్బులతో రికార్డు చేసుకుని, వంద రెండొందల క్యాసెట్లు తీసి, పెద్దగా ఎవరికీ తెలియని లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) ద్వారా వదిలే డెమోల్లో. వాటిని కొత్త శ్రోత ఎలా పట్టుకోవాలి? ఈ ప్రశ్నకు నలభై ఏళ్లుగా పనిచేస్తున్న జవాబు ఒకటుంది: బ్యాండ్ కోసం వెతకడం కన్నా, ఆ బ్యాండ్ చుట్టూ ఉన్న మనుషుల కోసం వెతకడం.

యాప్ ఎందుకు తడబడుతుందో ముందు చూద్దాం. "ఈ పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారు" అన్న లెక్క మీదే సిఫార్సులు ఎక్కువగా నడుస్తాయి. లక్షల మంది వినే బ్యాండ్ విషయంలో ఆ లెక్క బాగానే కుదురుతుంది. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందల మందే వినే బ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క వేయడానికి యాప్ చేతిలో ఏమీ ఉండదు. ఎవరూ వినలేదు కాబట్టి చూపించదు, చూపించదు కాబట్టి ఎవరూ వినరు. పైగా "మెటల్" అన్న ఒక్క మాట కింద పొంతన లేని సంగీతాలు చాలా ఉన్నాయి. ఫ్యూనరల్ డూమ్‌లో ఒక్కో పాట ఇరవై నిమిషాలు నత్తనడకన సాగుతుంది. గ్రైండ్‌కోర్‌లో పాట మొదలైందనుకునే లోపే అయిపోతుంది. రెండింటినీ ఒకే ప్లేలిస్ట్‌లో పెడితే ఇటువాళ్లు అటు పాటల్నీ, అటువాళ్లు ఇటు పాటల్నీ దాటేస్తారు. యాప్ మాత్రం పాటే బాగాలేదని రాసుకుంటుంది.

పేర్ల గొడవ ఇంకొకటి. లీజియన్, రెక్వియమ్ లాంటి పేర్లతో పదుల కొద్దీ బ్యాండ్లు వేర్వేరు దేశాల్లో ఉన్నాయి. స్ట్రీమింగ్ సర్వీసుల్లో ఒకే పేరున్న రెండు బ్యాండ్ల ఆల్బమ్‌లు ఒకే పేజీలో కలిసిపోవడం మామూలైపోయింది. డబ్బుల సంగతి సరేసరి. ఏడాదిలో కనీసం 1000 సార్లు వినని పాటకు రాయల్టీ లేదని స్పాటిఫై 2023 చివర్లో ప్రకటించి, 2024 నుంచి అమలు చేస్తోంది. బ్లాక్ మెటల్ (మెటల్‌లో కర్కశమైన, చీకటి శాఖ) వాయించే ఒక చిన్న బ్యాండ్ డెమోలో నాలుగో పాటకు ఆ సంఖ్య చాలా పెద్దది. అందుకే కొందరు అసలు ఆ గుమ్మమే ఎక్కరు.

ఇక లోగోలు. బెల్జియంకు చెందిన క్రిస్టోఫ్ ష్పైడెల్‌ని మెటల్ లోకంలో "లోగోల దొర" అంటారు. ఎంపరర్ సహా వేల బ్యాండ్లకు ఆయన లోగోలు గీశాడు. చెట్ల వేళ్లు, ముళ్లు, సాలెగూళ్లు అల్లుకుపోయిన ఆ గీతల్లోంచి అక్షరాలు ఏరుకోవడం తెలిసినవాళ్లకే కష్టం. చదవలేని పేరును సెర్చ్‌లో టైప్ చేయడం ఎలా? బయటివాళ్లకు ఇది పిచ్చిగా అనిపిస్తుంది గానీ, దాని వెనక ఒక ఉద్దేశం ఉంది. దారినపోయేవాళ్లకు సులువుగా దొరకకూడదు, నిజంగా కావాలనుకున్నవాళ్లు ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలి. ఇంకొకరిని అడగడం దగ్గరే ఈ సంగీతంలో వెతుకులాట మొదలవుతుంది.

1980ల్లో అడగడమంటే ఉత్తరం రాయడం. టేప్ ట్రేడింగ్ అని పిలిచే ఆ పద్ధతిలో ప్రతి ఒక్కరి దగ్గరా తమ టేపుల జాబితా ఉండేది. జాబితాలు ఒకరికొకరు పంపుకుని, నీ దగ్గర ఇది ఉందా, నా దగ్గర అది ఉంది అంటూ ఖాళీ క్యాసెట్లలోకి కాపీ చేసి పోస్టులో వేసేవారు. విదేశాలకు పోస్టేజీ ఖర్చు తడిసి మోపెడయ్యేది. అందుకని స్టాంపుల మీద సబ్బో జిగురో పల్చగా పూసి అంటించేవారు. అవతలివాళ్లు వాటిని ఊడదీసి తిరిగి పంపితే, నీళ్లతో కడిగి పోస్టాఫీసు ముద్ర పోగొట్టి మళ్లీ వాడేవారు. "నా స్టాంపులు వెనక్కి పంపు" అన్న మాట ఆనాటి ఉత్తరాల్లో క్షేమసమాచారంతో సమానం. అదే కవరులో చేతికందినన్ని చిన్న చిన్న జిరాక్స్ ఫ్లయర్లు కుక్కేవారు. వాటి మీద ఏదో ఒక కొత్త బ్యాండ్ లోగో, డెమో పేరు, చిరునామా. తీసుకున్నవాడు తనకు కావలసినవి చూసుకుని, మిగతావి ఇంకో కవరులో వేసి ఇంకో దేశానికి పంపేవాడు. ఒక్క రూపాయి ప్రకటన ఖర్చు లేకుండా ఒక బ్యాండ్ పేరు ఖండాలు దాటిపోయేది.

మెటాలికా కథ అలా నడిచిందే. లార్స్ ఉల్రిక్ డ్రమ్మర్‌గా పేరు తెచ్చుకోకముందు టేపులు, రికార్డులు పోగేసే కుర్రాడు. 1981లో, పదిహేడేళ్ల వయసులో, డైమండ్ హెడ్ అనే బ్యాండ్‌ని చూడ్డానికి అమెరికా నుంచి ఇంగ్లండ్ వెళ్లాడు. లాస్ ఏంజెలెస్‌లో అతనిలాగే రికార్డుల పిచ్చి ఉన్న బ్రయన్ స్లేగెల్ ఒక ఫ్యాన్‌జైన్ (అభిమానులు సొంతంగా వేసుకునే చిన్న పత్రిక) నడిపేవాడు. స్థానిక బ్యాండ్లతో ఒక సంకలనం తేవాలనుకున్నప్పుడు ఉల్రిక్ అందులో చోటు అడిగాడు. 1982లో వచ్చిన ఆ రికార్డుతోనే మెటల్ బ్లేడ్ లేబుల్ పుట్టింది. మొదటి ప్రతుల మీద మెటాలికా పేరు స్పెల్లింగ్ కూడా తప్పు పడింది. అదే ఏడాది ఆ బ్యాండ్ ఏడు పాటల డెమో టేపు చేతులు మారుతూ న్యూజెర్సీలో ఒక ఫ్లీ మార్కెట్‌లో (పాత సామాన్ల సంతలో) రికార్డుల దుకాణం నడిపే జానీ జజూలా దాకా వెళ్లింది. అతను సొంతంగా మెగాఫోర్స్ లేబుల్ పెట్టి 1983లో వాళ్ల మొదటి ఆల్బమ్ విడుదల చేశాడు. ఈ వరుసలో పెద్ద కంపెనీ ఒక్కటీ లేదు. ఒక మనిషి అభిరుచిని ఇంకో మనిషి నమ్మడమే మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది.

అప్పట్లో కరువు. ఒక డెమో దొరకాలంటే నెలలు ఆగాలి. ఇప్పుడు వరద. ఒక్క శుక్రవారం వచ్చే కొత్త విడుదలల్ని వినాలంటే వారం చాలదు. సమస్య తలకిందులైంది గానీ దాన్ని దాటే ఉపాయం పెద్దగా మారలేదు. ఫ్లయర్ల కట్ట చేసిన పని ఇప్పుడు ఆల్బమ్ క్రెడిట్లు, అంటే ఎవరు వాయించారో ఎవరు రికార్డు చేశారో అట్ట వెనక రాసే పేర్లు, చేస్తున్నాయి.

ఒక దారిని దగ్గర నుంచి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. టొరంటోలో 2016లో క్యాసెట్ డెమోలతో మొదలైన టూమ్ మోల్డ్ అనే డెత్ మెటల్ (గరగరలాడే గొంతుతో సాగే గట్టి మెటల్) బ్యాండ్ నచ్చిందనుకుందాం. అందులో గిటార్ వాయించే డెరిక్ వెల్లా ఇంకెక్కడ ఉన్నాడని చూస్తే డ్రీమ్ అనెండింగ్ కనబడుతుంది. అది డెత్ మెటల్ వేగం వదిలేసి, కలలో నడుస్తున్నట్టు సాగే డూమ్ (నెమ్మదిగా, బరువుగా నడిచే మెటల్). ఇద్దరే కలిసి మొదలుపెట్టిన ఆ బ్యాండ్‌లో రెండో మనిషి డ్రమ్మర్ జస్టిన్ డిటోర్. అతని పేరు పట్టుకుంటే ఇన్నూమరబుల్ ఫార్మ్స్ వస్తుంది. బురదలో కాళ్లీడ్చినట్టుండే బరువైన డెత్ మెటల్ అది. అదే డిటోర్ సమర్‌ల్యాండ్స్‌లో కూడా డ్రమ్స్ వాయించాడు. అక్కడికి వెళ్తే ఒక్కసారిగా 1980ల నాటి శుభ్రమైన గొంతు, శ్రావ్యమైన గిటార్లు. ఆ బ్యాండ్ గిటారిస్టు ఆర్థర్ రిజ్క్ మరో సంప్రదాయ హెవీ మెటల్ బ్యాండ్ ఇటర్నల్ ఛాంపియన్‌లో ఉన్నాడు. అంతకన్నా ముఖ్యంగా నిర్మాత కూడా. వేగమైన త్రాష్ మెటల్ వాయించే పవర్ ట్రిప్ 2017లో తెచ్చిన రెండో ఆల్బమ్, డెత్ మెటల్ బ్యాండ్ బ్లడ్ ఇన్‌కాంటేషన్ 2024లో తెచ్చిన ఆల్బమ్ అతని చేతి మీదుగా వచ్చినవే. ఇక బ్లడ్ ఇన్‌కాంటేషన్ సభ్యుల్లో ముగ్గురు స్పెక్ట్రల్ వాయిస్ అనే ఇంకా చీకటి బ్యాండ్‌లో వాయించారు.

ఒక్క పేరుతో మొదలుపెట్టి డెత్ మెటల్, డూమ్, సంప్రదాయ మెటల్, త్రాష్ అన్నీ చుట్టి వచ్చాం. ఇందులో ఏ రెండు బ్యాండ్ల ధ్వనీ ఒకటి కాదు. యాప్ అయితే టూమ్ మోల్డ్ విన్నవాళ్లకు టూమ్ మోల్డ్ లాంటి ఇంకో పది బ్యాండ్లు చూపిస్తుంది, సమర్‌ల్యాండ్స్‌ని ఛస్తే చూపించదు. మనుషుల వెంట వెళ్తే దొరికేది పోలిక కాదు, అభిరుచి. మంచి అభిరుచి ఉన్న సంగీతకారుడు తన నాలుగో బ్యాండ్‌లోనూ చెత్త వాయించడం అరుదు.

ఈ పేర్లన్నీ ఒక్కచోట దొరికేది ఎన్‌సైక్లోపీడియా మెటలమ్‌లో. మెటల్ ఆర్కైవ్స్ అనే పేరుతో ఎక్కువమంది పిలిచే ఈ డేటాబేస్ 2002లో మాంట్రియల్ నుంచి మొదలైంది. వాలంటీర్లే నడుపుతారు. లక్షకు పైగా బ్యాండ్ల వివరాలు అందులో ఉన్నాయి. ప్రతి బ్యాండ్ పేజీలో సభ్యుల పేర్ల పక్కనే వాళ్లు వాయించిన ఇతర బ్యాండ్లు కూడా కనిపిస్తాయి. దేశం, ఊరు, లేబుల్, సాహిత్య వస్తువు (పాటలు దేని గురించో) ఏది ఇచ్చినా వెతికిపెడుతుంది. త్వరలో రాబోయే ఆల్బమ్‌ల జాబితా కూడా ఉంటుంది. ఏది మెటల్, ఏది కాదు అన్న విషయంలో ఈ సైటు పట్టుదల కాస్త మితిమీరినట్టే ఉంటుంది. హిప్‌హాప్ కలిసిన "ను మెటల్" బ్యాండ్లకు, హార్డ్‌కోర్ పంక్ కలిసిన మెటల్‌కోర్ బ్యాండ్లు చాలావాటికి అక్కడ చోటు లేదు. ఆ చాదస్తం వల్లే జాబితా చెదిరిపోకుండా ఉందని కూడా ఒప్పుకోవాలి. ఏమీ తోచనప్పుడు యాదృచ్ఛికంగా ఒక బ్యాండ్ పేజీని తెరిచే లింకు కూడా అక్కడ ఉంది. చాలాసార్లు ఎప్పుడో మూతపడ్డ బ్యాండే వస్తుంది, అయినా వ్యసనంలా పట్టుకుంటుంది.

లేబుళ్ల సంగతి. పెద్ద సంగీత కంపెనీ పేరు చూసి ఎవరూ ఆల్బమ్ కొనరు. అండర్‌గ్రౌండ్‌లో మాత్రం లేబుల్ పేరే సగం సిఫార్సు. ఎందుకంటే ఇవి ఎక్కువగా ఒకరిద్దరు నడిపే సంస్థలు. ఏ బ్యాండ్‌ని తీసుకోవాలో నిర్ణయించేది కమిటీ కాదు, ఒక మనిషి చెవి. అమెరికాలో ట్వంటీ బక్ స్పిన్, డార్క్ డిసెంట్, కెనడాలో ప్రొఫౌండ్ లోర్, జర్మనీలో ఐరన్ బోన్‌హెడ్, స్వీడన్‌లో బ్లడ్ హార్వెస్ట్, ముంబయి నుంచి ట్రాన్సెండింగ్ అబ్స్క్యూరిటీ. వీటిలో ఏ ఒక్కదాని జాబితాలోనైనా మూడు ఆల్బమ్‌లు వరసగా నచ్చాయంటే నాలుగోది కళ్లు మూసుకుని వినొచ్చు. టూమ్ మోల్డ్ మొదటి ఆల్బమ్ 2017లో బ్లడ్ హార్వెస్ట్ ద్వారా వచ్చింది, రెండోది 2018లో ట్వంటీ బక్ స్పిన్ ద్వారా. బ్లడ్ ఇన్‌కాంటేషన్ డార్క్ డిసెంట్‌లో మొదలై సెంచరీ మీడియా అనే పెద్ద లేబుల్‌కు వెళ్లింది. చిన్న లేబుల్‌ని గమనిస్తూ ఉంటే, రెండు మూడేళ్ల తర్వాత అందరూ మాట్లాడుకోబోయే బ్యాండ్ ముందే చెవిన పడుతుంది.

దీనికో మరక కూడా ఉంది. ఒక లేబుల్‌కి ఒక రుచి కుదిరాక, ఆ రుచికి తగ్గట్టే డెమోలు రావడం మొదలవుతాయి. 1990లో స్వీడన్ డెత్ మెటల్ బ్యాండ్ ఎంటూంబ్డ్ మొదటి ఆల్బమ్ స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో రికార్డయింది. గిటార్ ధ్వనిని మార్చే బాస్ కంపెనీ హెచ్‌ఎమ్-2 పెడల్ నాబ్‌లన్నీ చివరి దాకా తిప్పితే వచ్చే రంపపు కోత లాంటి గిటార్ ధ్వని దాని గుర్తు. ఆ ధ్వని కోసం ఆ పెడల్‌నే కొనుక్కున్న బ్యాండ్లు ఈరోజుకీ కుప్పలుగా వస్తున్నాయి. అన్నీ వినడానికి బాగుంటాయి, వారం తర్వాత ఏది ఏదో గుర్తుండదు. పాత డెత్ మెటల్ పునరుజ్జీవనం అంటూ వచ్చిన పంటలో తాలు తక్కువేం కాదు.

కొనే చోటు విషయానికొస్తే, 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్‌కి (బ్యాండ్లు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే సైటు) ఇప్పటికీ సాటి లేదు. డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం, క్యాసెట్లూ టీషర్టుల లాంటి వస్తువుల్లో 10 శాతం మాత్రమే తను తీసుకుంటుంది. కోవిడ్ సమయంలో, 2020 మార్చి 20న, ఆ వాటా కూడా వదులుకుని కళాకారులకే ఇచ్చింది. ఆ తర్వాత అది బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే పేరుతో అలవాటుగా మారింది. చిన్న బ్యాండ్లు, లేబుళ్లు దాచిపెట్టిన డెమోలు, లైవ్ రికార్డింగులు ఆ రోజుల్లోనే బయటపెడతాయి.

కానీ వెతుకులాటకు అక్కడ అసలైన పనిముట్టు వేరే. ప్రతి ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి ఇప్పటిదాకా కొన్న ఆల్బమ్‌లన్నీ తెరుచుకుంటాయి. మనకిష్టమైన, ఎవరికీ పెద్దగా తెలియని మూడు ఆల్బమ్‌లు ఒకే మనిషి దగ్గర కనబడితే, అతని మిగతా అల్మారా అంతా తిరగేయాల్సిందే. ఉచితంగా వినే చోట లైక్ కొట్టడానికి ఖర్చు లేదు. ఇక్కడ ప్రతి బొమ్మ వెనకా జేబులోంచి తీసిన డబ్బుంది, కాబట్టి ఆ ఎంపికకు విలువ ఎక్కువ. అలాంటి మనుషుల్ని కొందరిని ఫాలో అయితే, వాళ్లు ఏం కొన్నా మన ఫీడ్‌లో కనబడుతుంది. పాత టేప్ ట్రేడర్ల జాబితాలు ఇంతకన్నా వేరేవి కావు, స్టాంపులు కడగాల్సిన పని తప్పిందంతే. ట్యాగులు కూడా పనికొస్తాయి, అయితే "మెటల్" అని కొడితే సముద్రమే. ఉప వర్గం పేరుకు ఊరి పేరు జోడించి వెతకాలి. అండర్‌గ్రౌండ్‌లో బ్యాండ్లు ఒంటరిగా పుట్టవు. ఒకే ఊళ్లో ఒకే రిహార్సల్ గది, ఒకే డ్రమ్మర్‌ని పంచుకునే నాలుగైదు బ్యాండ్లు గుంపుగా పుడతాయి.

సంగీతకారులు చెప్పే పేర్లకు పత్రికా సమీక్షల కన్నా ఎక్కువ విలువ ఇవ్వొచ్చు. డార్క్‌త్రోన్ డ్రమ్మర్ ఫెన్రిజ్ ఏళ్ల తరబడి వారానికో బ్యాండ్ అంటూ తనకు నచ్చిన కొత్తవాళ్ల పేర్లు రాస్తూ వచ్చాడు. పేరున్న బ్లాక్ మెటల్ మనిషి అయ్యుండి అతను చెప్పే వాటిలో సంప్రదాయ హెవీ మెటల్ బోలెడు. (నాకు ఓటెయ్యొద్దు అంటూ పిల్లిని పట్టుకున్న ఫొటోతో ప్రచారం చేసి స్థానిక కౌన్సిల్‌లో ప్రత్యామ్నాయ సభ్యుడిగా ఎన్నికైనవాడూ ఇతనే.) నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో జరిగే రోడ్‌బర్న్ ఉత్సవం ఈ పద్ధతినే వేదిక మీదికి తెచ్చింది. ఒక సంగీతకారుడిని పిలిచి, నీకు నచ్చిన బ్యాండ్లను నువ్వే ఎంచుకో అంటుంది. 2010లో సెల్టిక్ ఫ్రాస్ట్ బ్యాండ్ స్థాపకుడు టామ్ వారియర్‌కి ఆ పని అప్పగించారు. ఉత్సవానికి వెళ్లలేకపోయినా పోస్టర్ చాలు. రోడ్‌బర్న్, మేరీల్యాండ్ డెత్‌ఫెస్ట్, కోపెన్‌హాగెన్ కిల్‌టౌన్ డెత్‌ఫెస్ట్ లాంటి వాటి పోస్టర్లలో పైన పెద్ద అక్షరాలు వదిలేసి అడుగు వరసలు చదవాలి. నిర్వాహకులు టికెట్లు అమ్ముకోవడానికి పైవరస పెడతారు, తమ ఇష్టం కొద్దీ అడుగు వరస పెడతారు.

కొత్తది వినాలంటే ఒక్కోసారి పాతదాని దగ్గరికి వెళ్లాలి. అమెరికాలోని మిస్సోరికి చెందిన టైమ్‌గూల్ 1990ల మొదట్లో రెండు డెమోలు మాత్రం చేసి కనుమరుగైంది. అంతరిక్షం, పురాతన యుద్ధాల గురించి మలుపులు తిరిగే వింత డెత్ మెటల్. ఆ రెండు డెమోలను కలిపి డార్క్ డిసెంట్ 2012లో మళ్లీ విడుదల చేసింది. నాలుగేళ్ల తర్వాత అదే లేబుల్ నుంచి బ్లడ్ ఇన్‌కాంటేషన్ మొదటి ఆల్బమ్ వచ్చింది, అదీ అంతరిక్షపు డెత్ మెటలే. ఒక లేబుల్ ఏ పాత డెమోలు తవ్వి తీస్తోందో చూస్తే, రేపు ఎలాంటి కొత్తవాళ్లను తీసుకుంటుందో చూచాయగా తెలిసిపోతుంది.

జాగ్రత్త పడాల్సిన చోటు కూడా ఉంది. బ్లాక్ మెటల్‌లో ఒక మూల నాజీ భావజాలాన్ని బాహాటంగా మోసే బ్యాండ్లున్నాయి. అట్ట మీద అడవి, మంచు, పాత కోట ఉంటాయి, లోపలి సరుకు వేరే. మెటల్ ఆర్కైవ్స్‌లో సాహిత్య వస్తువు దగ్గర ఒకసారి చూడటం, సభ్యుల ఇతర బ్యాండ్ల పేర్లు చదవడం రెండు నిమిషాల పని. కొనే ముందు ఆ రెండు నిమిషాలు పెట్టాలి. పేర్ల వెంట వెళ్లే పద్ధతి ఇక్కడ వడపోతగా కూడా పనికొస్తుంది. ఏఐతో తయారైన బ్యాండ్ల విషయంలోనూ ఇదే. సభ్యుల పేర్లు లేవు, స్టూడియో లేదు, లైవ్ షో లేదు, ఆరు నెలల్లో ఐదు ఆల్బమ్‌లు వచ్చాయంటే అనుమానించాలి. ఒంటరిగా ముసుగేసుకుని వాయించే నిజమైన బ్లాక్ మెటల్ మనుషులూ ఇలాగే కనిపిస్తారు, కాబట్టి తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. ఒక లేబుల్ వాళ్ల క్యాసెట్ తెచ్చిందా, ఇంకో బ్యాండ్‌తో స్ప్లిట్ (రెండు బ్యాండ్లు పంచుకునే రికార్డు) చేశారా అని చూస్తే సంగతి తేలిపోతుంది.

దొరికినదాన్ని దాచుకోవడం వెతకడంలో భాగమే, చాలామంది దీన్ని పట్టించుకోరు. 2003 నుంచి 2015 దాకా మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చే పనిలో పోయాయని ఆ సంస్థ 2019లో ఒప్పుకుంది. ఒక తరం అండర్‌గ్రౌండ్ బ్యాండ్లకు మొదటి డెమోలు ఉన్న చోటు అదే. బ్యాండ్‌క్యాంప్ కూడా 2022లో వీడియో గేమ్‌ల సంస్థ ఎపిక్ గేమ్స్ చేతికి, 2023లో సంగీత లైసెన్సింగ్ సంస్థ సాంగ్‌ట్రాడర్ చేతికి వెళ్లింది, రెండోసారి చేతులు మారినప్పుడు సగం మంది దాకా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. బ్యాండ్లు విడిపోయాక తమ పేజీని తామే తీసేయడం ఇంకా మామూలు. కాబట్టి కొన్న రోజే ఎఫ్‌ఎల్‌ఎసి (ధ్వని నాణ్యత తగ్గని రకం) ఫైళ్లు దించుకుని, వేరే డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టుకోవాలి. పాటల ఫైళ్లలో ఎవరు ఏం వాయించారో, ఎక్కడ రికార్డయిందో, అట్ట బొమ్మ ఎవరు వేశారో సాధారణంగా ఉండదు. పేజీ కింద రాసి ఉన్న ఆ క్రెడిట్లను కాపీ చేసి, ఒక టెక్స్ట్ ఫైల్‌గా అదే ఫోల్డర్‌లో వేసుకోవాలి.